పసిపలుకుల పరమార్థము

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన సామెత. అయితే ఇంకా నోరే తిరగని పసిబిడ్డ సంగతి ఏమిటి? ఆ బిడ్డకు చెప్పవలసిన సంగతి ఉన్నది, చెప్పాలనే ఆరాటం ఉన్నది, తనదైన మాట కూడ ఉన్నది. కాని ఆ మాట ఏ నిఘంటువులోను కనిపించదు. తల్లి ఒక అర్థం చెబుతుంది, అమ్మమ్మ మరొక అర్థం చెబుతుంది. బిడ్డ మాత్రం మన ముఖం వంక చూసి మళ్ళీ అదే మాట అంటుంది. మూడవసారి కూడ మనకు తెలియకపోతే ఏడుస్తుంది. మనము దానిని మొండితనమంటాము. నిజానికి అది మొండితనమా, లేక వినిపించుకొనే వారు లేని వాని వేదనా? ఈ ప్రశ్న మా ఇంటిలోనే ఎదురైనందున, భాషను బోధించే వృత్తిలో ఉన్న మేము దానిని గూర్చి కొంత చదివి, కొంత గమనించి, తెలిసినంతవరకు ఇక్కడ విద్యార్థి మిత్రులకు మనవి చేస్తున్నాము.

శిశువు మాటకు అర్థమేమిటని తెలుసుకోగోరిన వారిలో చక్రవర్తులు కూడ ఉన్నారు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన గ్రంథం రెండవ భాగంలో ఈజిప్టు రాజు సామెటికస్ కథ చెప్పాడు. లోకంలో అన్నిటికంటె ప్రాచీనమైన జాతి ఏదో తేల్చాలని ఆ రాజు ఇద్దరు పసికందులను ఒక గొర్రెల కాపరికి అప్పగించి, వారి ఎదుట ఎవ్వరూ మాట్లాడరాదని ఆజ్ఞాపించాడట. మేకపాలతో పెరిగిన ఆ పిల్లలు రెండేండ్ల తరువాత ఒకనాడు చేతులు చాచి కాపరికి ఎదురువచ్చి ‘బెకోస్’ అన్నారట. ఫ్రిజియా వారి భాషలో ఆ మాటకు రొట్టె అని అర్థమని విచారణలో తేలగా, ఫ్రిజియా జాతియే ప్రాచీనమని రాజు ఒప్పుకున్నాడు. ఆ పిల్లలు అన్నది తమతో పెరిగిన మేకల అరుపే కావచ్చునని తరువాతి వారు కొందరు ఊహించారు. రాజుగారు నిఘంటువులన్నీ వెదికించాడు గాని, పిల్లల పక్కనే ఉన్న మేకలను మరచిపోయాడు.

మన దేశంలో 16వ శతాబ్ది ఉత్తరార్ధంలో అక్బరు పాదుషా ఇటువంటి ప్రయత్నమే చేశాడు. పసిపిల్లలను ఒక భవనంలో ఉంచి, పలుకని దాదుల చేత పెంచజేశాడు. ఆ భవనానికి గుంగ్ మహల్, అనగా మూగవారి మేడ, అని పేరు వచ్చింది. కొన్ని ఏండ్ల తరువాత చూడగా ఆ పిల్లలకు ఏ భాషా రాలేదు. అబుల్ ఫజల్, బదాయూనీ వంటి ఆనాటి చరిత్రకారులు ఈ సంగతిని వ్రాసి ఉంచారు. ఎంత క్రూరమైన పరీక్ష అయినా అది ఒక సత్యాన్ని తేల్చింది. మాట బిడ్డ కంఠంలోనుండి తనంత తాను ఊడిపడదు. అది ఇద్దరి మధ్య పుడుతుంది. కనుక శిశువు మాటకు అర్థం వెదకవలసినది శిశువు నోటిలో మాత్రమే కాదు, ఆ శిశువుతో మాట్లాడే మనిషి వద్ద కూడ.

ఇక మా ఇంటి సంగతి. మా చిన్నపాపకు అప్పుడు ఏడాది తొమ్మిది నెలలు. ఇంటిలో మేము మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పక్క ఇంటిలో ఒక పెద్దావిడ ఉండేది. వీధివారందరికీ ఆమె అవ్వ. మా శ్రీమతి సాయంకాలం వంటపనిలో ఉన్న వేళ అవ్వ పాపను చంకనెత్తుకొని తన వాకిట్లోకి తీసుకొనిపోయి, చీకటి పడిన తరువాత తెచ్చి ఇచ్చేది. ఒకసారి ఆమె కూతురి కాన్పుకని వేరే ఊరికి వెళ్ళింది. రెండు మూడు రోజులు గడిచేసరికి పాప కొత్తగా ఒక మాట అనడం మొదలుపెట్టింది. ఆ మాట ‘తుక్క’.

ప్రొద్దుగుంకే వేళకు ‘తుక్క, తుక్క’ అంటూ వాకిలి వద్దకు పోయేది. మా తల్లిగారు ఆ మాట విని, “రోటీ టుక్డా మాంగ్ రయీ” అని రొట్టెముక్క చేతిలో పెట్టేవారు. పాప దానిని నేలకు కొట్టేది. మేము తెలుగు ఉపాధ్యాయులము గదా, అరటిపండు ‘తొక్క’ కాబోలునని పండు ఒలిచి చూపాము. అది కూడ నేలపాలైంది. “క్యా హోనా బేటా?” అని తల్లి బుజ్జగిస్తే ఇంకా గట్టిగా ఏడ్చేది. మూడవ నాటికి మేము గద్దించాము. అయిదవ నాటికి మా తల్లిగారు ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి నజరు తీశారు. ఇంతలో మా మేలు కోరే పెద్దమనిషి ఒకరు వచ్చి, “ఇంట్లో ఒక భాష, పక్కింట్లో ఒక భాష అయితే పిల్ల మతి చెదరదా? పెద్దదయ్యేవరకు ఆ తెలుగు వాకిట్లోకి పంపకండి” అని సలహా చెప్పారు. ఆ మాట మాకు కొంత నిజమనిపించిందని ఒప్పుకొనక తప్పదు. అవ్వ తిరిగి వచ్చిన తరువాత కూడ పాపను పంపరాదని ఇంచుమించు నిశ్చయించుకున్నాము.

ఆ నిశ్చయం అమలు కాకముందే కొంత చదవడం, కొంత వ్రాసిపెట్టుకోవడం జరిగింది. అందువలన తెలిసిన మొదటి సంగతి ధ్వనికి సంబంధించినది.

పసివాని ఉచ్చారణ తప్పుల కుప్ప కాదు. అందులో ఒక క్రమం ఉన్నది. పెదవులు కలిపితే పుట్టే ప, బ, మ లు, నాలుక పండ్లకు తగిలితే పుట్టే త, ద, న లు సాధారణంగా ముందు వస్తాయి. రష్యాలో పుట్టిన భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1941 లో ప్రకటించిన గ్రంథంలో ఈ క్రమాన్ని చర్చించాడు. పాలు త్రాగుతూ బిడ్డ ముక్కుతో చేసే సన్నని ధ్వనియే ‘మ’ కారానికి మూలమని, అందుకే అనేక భాషలలో తల్లిని పిలిచే మాటలో ఆ అక్షరం ఉన్నదని ఆయన తరువాత ఒక వ్యాసంలో వివరించాడు. తెలుగు అమ్మ, ఉర్దూ అమ్మీ, అరబ్బీ ఉమ్మ్ ఒక్క కుటుంబపు భాషలు కాకపోయినా ఒక్కతీరున పలకడానికి ఇదే కారణమని చెప్పవచ్చును.

తరువాత వచ్చే కష్టమైన ధ్వనుల స్థానంలో బిడ్డ తనకు వచ్చిన ధ్వనులను నిలుపుకుంటుంది. కాకి ‘తాతి’ అవుతుంది. గోడ ‘దోద’ అవుతుంది. సబ్బు ‘తబ్బు’, చెప్పు ‘తెప్పు’ అవుతాయి. రేఫం చాలమందికి ఆలస్యంగా వస్తుంది, కనుక ‘రా’ అనవలసిన చోట ‘లా’ వినిపిస్తుంది. పొడుగు మాటలో ఒక అక్షరం జారిపోయి టమాటా ‘మాతా’ అవుతుంది. సంయుక్తాక్షరం విడివడి లేదా ద్విత్వమై పుస్తకం ‘పుత్తకం’ అవుతుంది.

ఈ మార్పులు చూచినప్పుడు మా తరగతి విద్యార్థులకు ఒక సంగతి జ్ఞాపకం రావాలి. భక్తి బత్తి అయింది, అగ్ని అగ్గి అయింది, లక్ష్మి లచ్చి అయింది, శ్రీ సిరి అయింది. చిన్నయసూరి 1858 లో వెలువరించిన బాలవ్యాకరణంలో మనము చదువుకొనే తద్భవాల తీరు ఇదే గదా! ఒక జాతి కొన్ని శతాబ్దులలో చేసిన పనిని పోలిన పనిని ఒక బిడ్డ కొన్ని నెలలలో చేస్తున్నది. మనము మొదటిదానిని వ్యాకరణమని గౌరవిస్తాము, రెండవదానిని చూచి నవ్వుతాము.

ఇక్కడ మరొక విశేషమున్నది. బిడ్డ తప్పుగా పలికినంత మాత్రాన తప్పుగా విన్నదని అనుకోరాదు. అమెరికాలో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అనే ఇద్దరు 1960 లో ఒక బాలుని సంగతి వ్రాశారు. ఆ బాలుడు చేప అనే అర్థం గల ‘ఫిష్’ అను మాటను ‘ఫిస్’ అనేవాడు. పెద్దవారు కూడ ‘ఇది నీ ఫిస్సా?’ అంటే కాదని తల త్రిప్పేవాడు. ‘నీ ఫిష్షా?’ అంటే అవునని సంతోషించేవాడు. మన ఇండ్లలోను అంతే. ‘తబ్బు’ అనే పాపతో మనము ‘తబ్బు కావాలా?’ అంటే ముఖం చిట్లిస్తుంది. చెవి ముందు నడుస్తున్నది, నాలుక వెనుక వస్తున్నది. కనుక పిల్లల మాటను మనము వెక్కిరింపుగా తిప్పి అనడం కంటె సరియైన రూపంలో మెల్లగా చెప్పడమే మేలు.

ఈ సూత్రాలతో మేము ‘తుక్క’ను పరిశీలించాము. మా పాపకు క కారం అప్పటికే వచ్చినది. కాకిని కాకి అనే అన్నది. కనుక ఈ మాటలో మొదటి ‘త’ క కారానికి బదులు వచ్చినది కాదు. సబ్బును ‘తబ్బు’ అని, చెప్పును ‘తెప్పు’ అని అనేది కనుక, ఇది స తోనో, చ తోనో, ట తోనో మొదలయ్యే మాట కావాలి. ట తో అయితే మా తల్లిగారి ‘టుక్డా’ సరిపోతుంది. చ తో అయితే ‘చుక్క’ వస్తుంది. తెలుగులో చుక్క అంటే నీటిబొట్టు, చుక్క అంటే నక్షత్రం, చుక్క అంటే పెట్టుకొనే బొట్టు. మేము గ్లాసులోని నీటిని చుక్కలుగా చేతిలో వేసి చూపాము. పాప ఒక్క నిమిషం ఆడుకొని, మళ్ళీ వాకిలి వంక చూచి ‘తుక్క’ అన్నది. ధ్వని తాళం తిరిగింది గాని తలుపు తెరుచుకోలేదు.

కారణమేమనగా, పసిమాటకు ధ్వని సగమే. మిగిలిన సగం సందర్భం. బిడ్డ మొదట పలికే ఒక్క మాట ఒక వస్తువు పేరు మాత్రమే కాదు, అది ఒక పూర్తి వాక్యం. ‘పాలు’ అంటే పాలు కావాలని కావచ్చు, పాలు ఒలికినవని కావచ్చు, పాలవాడు వచ్చాడని కావచ్చు. చార్లెస్ డార్విన్ తన కుమారుని శైశవాన్ని గమనించి వ్రాసిన వ్యాసం 1877 లో ప్రచురితమైంది. ఆ బాలుడు సరిగ్గా ఏడాది నిండేసరికి ఆహారానికి ‘మమ్’ అని తానే ఒక మాట కల్పించుకున్నాడట. ఆకలి వేసినప్పుడు ఏడవడానికి బదులు ఆ మాటను అడిగే స్వరంతో పలికేవాడట. ఆ మాట ఎక్కడనుండి వచ్చినదో ఆ మహాశాస్త్రజ్ఞునికే అంతు చిక్కలేదు. ఆంగ్ల భాషావేత్త మైకేల్ హాలిడే తన కుమారుని గమనించి 1975 లో వెలువరించిన గ్రంథంలో, మాతృభాషా పదాలు రాకముందే శిశువుకు కోరుటకు, ఆజ్ఞాపించుటకు, పలుకరించుటకు వేరు వేరు ధ్వనులుంటాయని నిరూపించాడు. అనగా బిడ్డ భాష నేర్చుకొనే ముందే అర్థం చెప్పడం నేర్చుకుంటున్నది.

అర్థం వ్యాపించే తీరు ఇంకా చిత్రమైనది. గడ్డం ఉన్న ప్రతి పెద్దమనిషినీ ‘తాత’ అనే బిడ్డను, నాలుగు కాళ్ళ జంతువునల్లా ‘అంబా’ అనే బిడ్డను మనమందరము చూచినదే. డార్విన్ చెప్పగా తెలిసినదని జార్జ్ రోమేన్స్ 1888 లో ఒక శిశువు ముచ్చట వ్రాశాడు. ఆ శిశువు బాతును దాని అరుపును బట్టి ‘క్వాక్’ అన్నది. బాతు నీటిలో ఉన్నది కనుక నీరు కూడ ‘క్వాక్’ అయింది. తరువాత ఒకవైపు పక్షులు, పురుగులు, మరొకవైపు ద్రవపదార్థాలన్నీ ‘క్వాక్’ అయినవి. చివరకు గరుడపక్షి బొమ్మ ఉన్న ఒక ఫ్రెంచి నాణెం చూచి ‘క్వాక్’ అన్నది మొదలు, నాణేలన్నిటికీ అదే పేరు వచ్చింది. మొదటి మెట్టు చూడని వానికి నాణేనికీ బాతుకూ ఏమి సంబంధమో ఎట్లా తెలుస్తుంది? చూచిన వానికి మాత్రం ఒక్కొక్క అడుగు సకారణమే.

రెండు భాషల ఇండ్లలో ఈ చిక్కు రెండింతలవుతుంది. మన విద్యార్థులలో చాలమందికి ఇది అనుభవమే. మా బంధువుల బిడ్డ ‘నానా’ అని ఏడుస్తుంటే పక్క ఇంటివారు తండ్రిని పిలుచుకొని వచ్చారు. ఆ బిడ్డ కోరినది తల్లిగారి తండ్రిని. ‘ఆవు’ అంటే తెలుగు వానికి గోవు, మన ఇండ్లలో ‘ఆఓ’ అంటే రమ్మని పిలుపు. బిడ్డ నోట రెండూ ఒక్కటిగానే వినవస్తాయి. అన్నిటికంటె చిక్కు ‘నాకు’, ‘నక్కో’ అను మాటలది. ఒకటి ఇమ్మని, రెండవది వద్దని. సగం నోటితో అన్నప్పుడు ఇచ్చేవాడు ఇవ్వాలా, తీసికొనిపోవాలా?

అందుచేత రెండు భాషలు బిడ్డకు హాని అని కొందరు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. అమెరికాలో వెర్నర్ లియోపోల్డ్ అనే పండితుడు తాను జర్మనులో, భార్య ఇంగ్లీషులో మాట్లాడుతూ కుమార్తెను పెంచి, ఆమె పలుకులన్నీ దినచర్యగా వ్రాసి 1939 నుండి 1949 వరకు నాలుగు సంపుటాలుగా ప్రకటించాడు. ఆ బాలిక మొదట రెండు భాషల మాటలనూ కలిపి వాడినా, తరువాత దేనికది వేరు చేసుకున్నది. పిల్లలు బహు చిన్న వయస్సులోనే భాషల తేడాను గుర్తించగలరని, రెండు భాషల వలన మాట రావడం ఆలస్యం కాదని నేటి పరిశోధకుల అభిప్రాయం. భాషలు కలిపి మాట్లాడటం మతి చెదరడం కాదు, చేతికందిన పనిముట్టుతో పని గడుపుకోవడం.

ఇక ‘తుక్క’ కథ. రెండు వారాల తరువాత ఒక సాయంకాలం అవ్వ ఊరినుండి వచ్చింది. సంచి కూడ దింపకుండా మా గుమ్మం వద్దకు వచ్చి పాపను ఎత్తుకున్నది. పాప ఆమె మెడ చుట్టూ ఒక చేయి వేసి, రెండవ చేయి ఆకాశం వైపు చాచి ‘తుక్క!’ అన్నది. అవ్వ నవ్వి, “అవును తల్లీ, చుక్కలు చూద్దాం పద” అన్నది. మేము నిశ్చేష్టులమై అడిగితే, “దినమూ మాపటికి చుక్కలు చూపిస్తా గదా నాయనా, లెక్కపెడతాది” అని చెప్పింది. మా ఇంటిలో నక్షత్రాలను తారే అంటాము. చుక్క అనే మాట మా గడపలో ఎవరూ అనరు. అందుకే రెండు వారాలు మేము ఇంటిలో వెదికిన అర్థం ప్రహరీగోడకు ఆవల ఉండిపోయింది.

ఇక్కడితో అయిపోయినదనుకున్నాము. మరునాడు మధ్యాహ్నం, మిట్ట ఎండలో, అవ్వ మజ్జిగ చెంబుతో మా ఇంటికి వచ్చింది. ఆకాశంలో నక్షత్రం లేదు, పాప తల పైకెత్తనూ లేదు. అవ్వను చూచి పరుగెత్తుకొని పోయి ఆమె కొంగు పట్టుకొని ‘తుక్క’ అన్నది. అప్పుడు తెలిసినది, అది నక్షత్రం పేరు మాత్రమే కాదు. సాయంకాలం, చంక, వాకిలి, ఆకాశం, ఆ అన్నిటినీ ఇచ్చిన మనిషి, అంతా కలిసి ‘తుక్క’. రెండు వారాలు మా బిడ్డ అడిగినది రొట్టె కాదు, పండు కాదు. అవ్వ ఏదని అడిగింది. ఆ అవ్వ వద్దకే పంపరాదని మేము నిశ్చయించుకొనబోయాము. ఆ సంగతి తలచుకొంటే నేటికీ మనస్సు చివుక్కుమంటుంది.

మా పొరపాటునుండి మేము నేర్చుకున్న పద్ధతిని క్లుప్తంగా చెబుతాము. మొదట, మాటను విన్నది విన్నట్లు వ్రాసుకోవాలి. మనకు తెలిసిన మాటగా దిద్దరాదు. రెండవది, వేళ, చోటు, బిడ్డ చూపు, చేతి సైగ కూడ వ్రాయాలి. మూడవది, అదే బిడ్డ ఇతర పదాలను ఎట్లా మారుస్తున్నదో చూచి ఆ లెక్కతో వెనుకకు పోవాలి. నాలుగవది, బిడ్డతో కాలం గడిపే వారందరినీ అడగాలి. పనిమనిషినీ, పక్కింటివారినీ, అన్నదమ్ములనూ విడువరాదు. మేము ఈ నాలుగవ మెట్టు దాటివేసినందువలననే రెండు వారాలు పోగొట్టుకున్నాము. చివరకు, మన ఊహను బిడ్డ ముందు పెట్టి ముఖం చూడాలి. తప్పో ఒప్పో తీర్పు చెప్పవలసినది బిడ్డయే.

అయితే అర్థం కాని మాట వేరు, మాటయే రాకపోవడం వేరు. సుమారు రెండేండ్ల బిడ్డ మాటలలో సగం, నాలుగేండ్లు నిండేసరికి ఇంచుమించు అన్నీ పరాయివారికి కూడ తెలియాలని వైద్యులంటారు. పదహారు నెలలకు ఒక్క మాటయినా రాకున్నా, రెండేండ్లకు రెండు మాటలు కలిపి అనకున్నా, వచ్చిన మాటలు పోతున్నా, చెవిలో చీము కారుతున్నా, పిలిచినప్పుడు తిరిగి చూడకున్నా వైద్యుని వద్దకు తీసుకొనిపోయి ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. ‘వాళ్ళ నాన్నకు కూడ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అని ఊరుకోరాదు.

మన కళాశాల విద్యార్థులకు ఒక మనవి. మీ ఇండ్లలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అక్క పిల్లలు ఉన్నారు. ఒక చిన్న పుస్తకం తీసుకొని, వారి పలుకులను తెలుగు లిపిలోనో ఉర్దూ లిపిలోనో తేదీ వేసి వ్రాయండి. రెండు భాషలు ఒకే గడపలో కలిసే మన ఇండ్లలో దొరికే సామగ్రి మరెక్కడా సులభంగా దొరకదు. సెలవులలో చేయదగిన పని ఇది. దీనికి ఖర్చు లేదు, ఓర్పు చాలును.

మరొక మాట కూడ చెప్పి ముగిస్తాము. ఉర్దూ ఇంటినుండి వచ్చిన విద్యార్థి తెలుగు తరగతిలో లేచి ఒక వాక్యం తడబడితే వెనుక బెంచీలో నవ్వు వినిపిస్తుంది. తెలుగు విద్యార్థి ‘ఖ’ కారం పలకలేకపోతే ఉర్దూ తరగతిలోనూ అంతే. వానికి చెప్పవలసిన సంగతి లేక తడబడుట లేదు. ఆ సంగతి మనకు తెలియని వాకిట్లో ఉన్నది. ఒక్క నిమిషం ఆగి, అది ఏ వాకిలియో అడిగి తెలుసుకొనే బాధ్యత వినేవారిది. మా పాప ఇప్పుడు చుక్కను చుక్క అనే పలుకుతున్నది, తారా అని కూడ అంటున్నది. మా ఇంటిలో మాత్రం అవ్వ వచ్చినప్పుడల్లా అందరమూ ‘తుక్క వచ్చింది’ అనే అంటున్నాము.